వెనుక బండి బ్రేకు – మన కంటి కాపలా

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఏదైనా ఉపయోగపడే విషయం మీద పావుగంట మాట్లాడమని ఆదేశించారు. పింఛను సవరణ గురించి, వైద్య సదుపాయాల గురించి నాకంటె బాగా తెలిసినవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. నేను ముప్పై ఆరేళ్ళు క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో చక్రాలూ బ్రేకులూ చూసినవాణ్ణి. కాబట్టి ఆ చక్రాల సంగతే చెప్తాను. అయితే అవి రైలు చక్రాలు కావు, అమెరికా రోడ్ల మీద తిరిగే చక్రాలు.

మనలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఏడాదికో, రెండేళ్ళకో మనం వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి వస్తున్నాం. వేసవి సెలవుల్లో పిల్లలు మనల్ని కొండలూ లోయలూ చూపించడానికి తీసుకువెళ్తారు. ఈమధ్య కొన్ని కుటుంబాలు మోటారు హోమ్‌లో వెళ్తున్నాయి. ఆ బండి వెనుక ఒక కారును తగిలించి లాక్కుపోతారు. ఆ కారు బ్రేకు పట్టేసి, వేడెక్కి, అంటుకునే ప్రమాదం ఒకటి ఉన్నది. దాన్ని ముందే కనిపెట్టడం కష్టం కాదు. ఆ పనికి మనంత తీరికా, మనంత అలవాటూ ఉన్నవాళ్ళు ఆ బండిలో ఇంకెవరూ ఉండరు. అందుకే ఈ విషయం ఎన్నుకున్నాను.

మోటారు హోమ్, దాని వెనుక కారు

చూడనివారి కోసం రెండు మాటలు. మోటారు హోమ్ అంటే బస్సంత ఇల్లు. వంటగది, మంచాలు, స్నానాల గది, ఫ్రిజ్ అన్నీ అందులోనే ఉంటాయి. పెద్ద రకం నలభై అడుగుల దాకా పొడవుంటుంది, పదిహేను టన్నులు తూగుతుంది. చాలా డీజిలు బండ్లలో ఇంజను వెనుక ఉంటుంది, డ్రైవరు ముందు కూర్చుంటాడు.

అంత బండిని ఊళ్ళో పాలపాకెట్టు కోసం తిప్పలేరు గదా! అందుకని వెనుక ఒక చిన్న కారు లాక్కుపోతారు. విడిదిలో పెద్ద బండిని నిలిపి, కారులో చుట్టుపక్కల తిరుగుతారు. కారును పూర్తిగా ట్రెయిలరు మీద ఎక్కించవచ్చు, ముందు చక్రాలు మాత్రమే చిన్న బండి మీద పెట్టవచ్చు, లేదా నాలుగు చక్రాలూ రోడ్డు మీదే దొర్లేటట్టు టో బార్‌తో తగిలించవచ్చు. ఈ మూడోదే ఎక్కువమంది ఇష్టపడే పద్ధతి, ఎందుకంటే తగిలించడమూ విప్పడమూ తేలిక. అయితే ప్రతి కారునూ ఇలా లాగకూడదు. లాగవచ్చునో లేదో ఆ కారు పుస్తకంలోనే రాసి ఉంటుంది. చాలా ఆటోమేటిక్ గేరు కార్లను ఇలా లాగితే గేరుపెట్టె పాడవుతుంది. జీప్ రాంగ్లర్ వంటి వాటిలో ట్రాన్స్‌ఫర్ కేసును న్యూట్రల్‌లో పెట్టి లాగే వీలుంది, అందుకే మోటారు హోమ్‌ల వెనుక అవి ఎక్కువగా కనబడతాయి.

లాగే కారు టన్నున్నర బరువుంటుంది. ముందు బండి బ్రేకు వేస్తే ఆ బరువంతా వెనుక నుంచి తోస్తుంది. కనుక అమెరికాలో చాలా రాష్ట్రాల్లో, లాగే బండి 3,000 పౌండ్లు దాటితే దానికి విడిగా బ్రేకు పనిచేయాలని నిబంధన ఉంది. కొన్నిచోట్ల ఈ హద్దు ఇంకా తక్కువ. ముందు డ్రైవరు బ్రేకు తొక్కినప్పుడు వెనుక కారు బ్రేకు కూడా పడేటట్టు ఒక ఏర్పాటు చేస్తారు. కొన్ని శాశ్వతంగా బిగించినవి. కొన్ని కారులో డ్రైవరు కాళ్ళ దగ్గర పెట్టే పెట్టెలు. ఆ పెట్టెకు ఒక చెయ్యి ఉంటుంది. అది బ్రేకు పెడల్‌ను పట్టుకుని, అవసరమైనప్పుడు మనిషి కాలులాగా నొక్కుతుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. నొక్కిన చెయ్యి వదలకపోతే ఏమవుతుందన్నదే ప్రశ్న.

మనకు తెలిసిన జబ్బే

దీనిని మనం బ్రేక్ బైండింగ్ అని పిలిచేవాళ్ళం. ఇంజను లాగుతూనే ఉంటుంది, ఎక్కడో పద్దెనిమిదో పెట్టె బ్రేకు వదలదు. డ్రైవరుకు తెలియదు. ఎందుకు తెలియదంటే, ఇంజను బలం ముందు ఆ ఒక్క పెట్టె మొరాయింపు లెక్కలోకి రాదు. అందుకే మనవాళ్ళు డ్రైవరు మీద మాత్రమే ఆధారపడలేదు. బండి స్టేషనులోకి వచ్చేటప్పుడు మనం నిలబడి ప్రతి చక్రాన్నీ చూసేవాళ్ళం. స్టేషను మాస్టరు, గేటుమాన్, గార్డు – 2022 నుంచి గార్డును ట్రైన్ మేనేజరు అంటున్నారు – అందరూ నడుస్తున్న బండిని చూసి పొగ గాని, నిప్పురవ్వ గాని, కమురు వాసన గాని ఉంటే ఎర్రజెండా చూపేవారు. బండి ఆగాక యాక్సిల్ బాక్సు మీద చేతి వెనుకభాగం పెట్టి చూసేవాళ్ళం. ఎందరి కళ్ళు, ఎందరి చేతులు!

మోటారు హోమ్‌కు ఆ కాపలా లేదు. గేటుమాన్ లేడు, జెండా లేదు. డ్రైవరుకు వెనుక నలభై అడుగుల దూరంలో ఏం జరుగుతున్నదో కెమెరాలో చిన్న బొమ్మగా కనబడుతుంది. చక్రం దగ్గర పుట్టిన పొగ, బండి వేగానికి వెనక్కు పోతుంది. వాసన ముందుకు రాదు.

వేడి లెక్క

లెక్కంటే భయపడకండి, చిన్నదే. బ్రేకు పట్టి పట్టనట్టుగా ఉండి, కారును యాభై కిలోల బరువుతో వెనక్కు పట్టి ఆపుతున్నదనుకోండి. బండి గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోతున్నది. అప్పుడు ఆ బ్రేకుల్లో పుట్టే వేడి దాదాపు 14 కిలోవాట్లు. మన స్నానాల గదిలో ఉండే రెండు కిలోవాట్ల గీజరులు ఏడింటిని ఒకేసారి వేసి, వాటిలో నీళ్ళు పోయకుండా వదిలేసినట్టు. పెద్ద డీజిలు ఇంజను మూడు, నాలుగు వందల హార్స్‌పవరు ఇస్తుంది. ఈ 14 కిలోవాట్లు అందులో పంతొమ్మిది హార్స్‌పవరు మాత్రమే. చదును రోడ్డు మీద డ్రైవరు కాలికి ఆ తేడా తెలియదు.

అంత వేడి అరగంట నిలబడితే ఏమవుతుంది? ముందు ప్యాడ్లు మాడి వాసన వేస్తాయి. తరువాత బ్రేకు డిస్కు ఎర్రబడుతుంది. ఆ వేడి చక్రానికి, బేరింగులోని గ్రీజుకు, రబ్బరు గొట్టానికి, టైరుకు పాకుతుంది. గ్రీజు అంటుకుంటే టైరు అంటుకుంటుంది. టైరు ఒకసారి అంటుకున్నదంటే ఆర్పడం తేలిక కాదు, పైన మంట పోయినా లోపలి వేడి మళ్ళీ రగిలిస్తుంది.

మంట దాకా పోకపోయినా ఇంకొక ప్రమాదం ఉంది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను మెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టినదానికి ఆ ప్రమాణం 140 డిగ్రీలే. ద్రవం మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడతాయి, పెడల్ నేలకు తగిలినా బ్రేకు పడదు. సాయంత్రం విడిదికి చేరాక, ఆ కారునే విప్పి మనవలను ఎక్కించుకుని దుకాణానికి వెళ్తారు. అప్పుడు కదా అసలు గండం!

ఎందువల్ల పట్టేస్తుంది?

నాకు తెలిసిన కారణాలు ఒక్కొక్కటిగా చెప్తాను. ఇవి రాసుకుని పిల్లలకు పంపితే మంచిది.

ఒకటి: హ్యాండ్ బ్రేకు విప్పకపోవడం. వినడానికి చిన్న మాటే. కాని ఈనాటి కార్లలో చాలావాటికి లీవరు లేదు, మీట నొక్కితే పడే ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేకే ఉంది. అది పడిందో లేదో బయటినుంచి కనబడదు. నాలుగడుగులు లాగి, చక్రాలు స్వేచ్ఛగా దొర్లుతున్నాయో లేదో దిగి చూడవలసిందే.

రెండు: పెడల్ నొక్కే పెట్టెను సరిగా అమర్చకపోవడం. ఆ పెట్టె వెనుక సీటుకు ఆనుకుని ఉంటుంది. సీటు కాస్త ఎక్కువ ముందుకు జరిగితే చాలు, చెయ్యి పెడల్‌ను ఎప్పుడూ కొద్దిగా నొక్కుతూనే ఉంటుంది.

మూడు: పెట్టెను అమర్చే ముందు బ్రేకు బూస్టరులోని వ్యాక్యూమ్‌ను తీసివేయకపోవడం. ఇంజను ఆపి, పెడల్ గట్టిపడేదాకా కొన్నిసార్లు తొక్కాలి. అలా చేయకుండా పెట్టెను సరిచేస్తే ఆ సర్దుబాటు తప్పుతుంది. కొన్ని కొత్త కార్లలో ఇంజను ఆపినా బ్రేకుకు సాయబలం పోదు. అటువంటి కార్లకు పెట్టెను తక్కువ ఒత్తిడిలో పెట్టాలి. లేకుంటే చిన్న నొక్కుకే చక్రాలు బిగుసుకుంటాయి.

నాలుగు: బ్రేక్‌అవే స్విచ్. ఇది మనకు బాగా తెలిసిన సూత్రమే. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1872లో కనిపెట్టిన ఆటోమేటిక్ ఎయిర్ బ్రేకులో బండి తెగిపోతే గాలి పోయి బ్రేకు దానంతటదే పడుతుంది. ఇక్కడా అంతే. కారు తెగిపోతే ఒక తీగ పిన్నును లాగుతుంది, కారు బ్రేకు గట్టిగా పడుతుంది. చాలా మంచి ఏర్పాటు. కాని ఆ తీగ మరీ పొట్టిగా ఉంటే, ఇరుకు మలుపులో కారు తెగకుండానే పిన్ను ఊడుతుంది. ముందు బండి మాత్రం బిగుసుకున్న కారును ఈడ్చుకుంటూనే పోతుంది.

అయిదు: ఇంజను బ్రేకు. దిగుడులో డీజిలు బండి డ్రైవరు ఎగ్జాస్ట్ బ్రేకు వేస్తాడు, అది మంచి పద్ధతి. కాని కొన్ని బండ్లలో ఆ బ్రేకు వేసినంతసేపూ వెనుక ఎర్ర దీపాలు వెలుగుతాయి. కారు బ్రేకు ఆ దీపాల సంకేతంతోనే పనిచేసేదయితే, దిగుడు పొడవునా కారు బ్రేకు పడే ఉంటుంది. పెద్ద బండి బ్రేకులు చల్లగా ఉంటాయి, చిన్న కారు బ్రేకులు కాలిపోతాయి. బిగించిన మెకానిక్కును ఈ ప్రశ్న తప్పక అడగాలి.

ఆరు: తుప్పు. క్యాలిపరు పిస్టన్లు, పిన్నులు తుప్పుపట్టి జామ్ అయితే, పెడల్ వదిలినా ప్యాడ్ వదలదు. ఏడాదిలో ఎక్కువ నెలలు నిలిచి ఉండే కారుకు ఇది మామూలు జబ్బు.

కొలరాడోలో కళ్ళారా చూసినది

2023 వేసవిలో మేము డెన్వరులో మా అబ్బాయి దగ్గర ఉన్నాం. మా అబ్బాయి స్నేహితుడు, గుంటూరు వైపు కుర్రవాడు, తన మోటారు హోమ్‌లో రెండు కుటుంబాలనూ కొండల్లోకి తీసుకువెళ్ళాడు. వెనుక కారు, అందులో పెడల్ నొక్కే పెట్టె. మధ్యాహ్నం ఒక విశ్రాంతి స్థలంలో ఆగాం. అలవాటు కొద్దీ నేను దిగి బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. మా అబ్బాయి నవ్వి, "నాన్నగారూ, ఇదేమీ గూడ్సు బండి కాదు, రండి కాఫీ తాగుదాం" అన్నాడు.

వెనుక కారు ముందు చక్రాల దగ్గరకు వచ్చేసరికి జానెడు దూరంలోనే సెగ తగిలింది. వెనుక చక్రాల దగ్గర అంత సెగ లేదు. కమురు వాసన వస్తున్నది. పొగ ఇంకా లేదు. కారు లోపల చూస్తే సంగతి బోధపడింది. ఆ ఉదయం ఆ స్నేహితుడి భార్య కారు నడిపి సీటు ముందుకు జరుపుకున్నది. ఆ తరువాత పెట్టెను హడావిడిగా సీటుకూ పెడల్‌కూ మధ్య ఇరికించారు. చెయ్యి పెడల్‌ను బొటనవేలు మందం నొక్కి ఉంచింది. ఎదుట ఇంకా పెద్ద దిగుడు ఉంది. బండిలో ముగ్గురు పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్ళు, వంటగ్యాసు సిలిండరు.

ఒకటిన్నర గంట అక్కడే కూర్చున్నాం. చక్రాలు చల్లారాక కారును మెల్లగా దగ్గరి ఊరికి చేర్చి, ప్యాడ్లు, బ్రేకు ద్రవం మార్పించారు. ఆ కుర్రవాడు, "బాబాయిగారూ, ఇక మీరు పచ్చజెండా ఊపితేనే బండి కదుల్తుంది" అన్నాడు. మిగిలిన ప్రయాణమంతా అలాగే జరిగింది. మా అబ్బాయి కూడా తరువాత ఆగిన ప్రతిచోటా నాకంటె ముందే దిగేవాడు.

దిగుడులో జాగ్రత్త

డెన్వరు నుంచి పడమరకు పోయే ఇంటర్‌స్టేట్ 70 మీద ఐసెన్‌హోవర్ సొరంగం ఉంది. సముద్రమట్టానికి 11,000 అడుగుల పైన. సొరంగం దాటాక సిల్వర్‌థార్న్ ఊరిదాకా సుమారు ఎనిమిది మైళ్ళలో రెండు వేల అడుగులకు పైగా దిగాలి. ఏడు శాతం దాకా వాలు. మన భాషలో చెప్పాలంటే 1 ఇన్ 14. కొత్తవలస–కిరండూల్ మార్గంలో 1 ఇన్ 60కే మనం ఎంత జాగ్రత్తపడేవాళ్ళమో గుర్తుచేసుకోండి.

ఇంత దిగుడులో టన్నున్నర కారు ఒక్కటే వదిలే శక్తి ముప్పై లీటర్ల నీళ్ళను మరిగించగలదు. పదిహేను టన్నుల బండి అయితే మూడు వందల లీటర్లు. ఈ శక్తిలో కొంత గాలి తీసుకుంటుంది, చాలా భాగం ఇంజను తీసుకోవాలి, మిగిలినదే బ్రేకులకు రావాలి. అంతా బ్రేకుల మీద వేస్తే అవి ఓర్చుకోలేవు.

తిరుమల ఘాట్ రోడ్డు దిగే డ్రైవర్లు ఏం చేస్తారు? మొదటి మలుపు రాకముందే తక్కువ గేరులోకి వస్తారు. పద్ధతి ఇక్కడా అదే. దిగుడు మొదలుకాక ముందే వేగం తగ్గించాలి, తక్కువ గేరు వేయాలి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకూడదు. వేగం అనుకున్న హద్దుకు వచ్చినప్పుడు గట్టిగా తొక్కి, గంటకు అయిదు మైళ్ళు తగ్గాక పూర్తిగా వదలాలి. మళ్ళీ హద్దుకు వస్తే మళ్ళీ అలాగే. అమెరికాలో లారీ డ్రైవర్లకు నేర్పేది ఇదే. వదిలినప్పుడల్లా బ్రేకు చల్లబడుతుంది, వెనుక కారు బ్రేకు కూడా వదులుతుంది.

బయలుదేరేముందు, ఆగిన ప్రతిచోటా

మన బండికి బ్రేక్ పవర్ సర్టిఫికెట్ లేకుండా, కంటిన్యుటీ పరీక్ష చేయకుండా వదిలేవాళ్ళమా? ఇక్కడా అటువంటి పరీక్ష అయిదు నిమిషాల పని.

ఒకరు ముందు బండిలో కూర్చుని బ్రేకు తొక్కాలి, వదలాలి. ఇంకొకరు వెనుక కారు దగ్గర నిలబడి పెడల్ దిగడమూ, పూర్తిగా పైకి రావడమూ చూడాలి. దిగడం కంటె పైకి రావడమే ముఖ్యం. ముందు ఎవరూ బ్రేకు తొక్కకుండానే కారు బ్రేకు దీపం వెలుగుతుంటే, అక్కడే ఆగి కారణం వెతకాలి. హ్యాండ్ బ్రేకు, గేరు, తాళంచెవి స్థానం కారు పుస్తకం ప్రకారం చూడాలి. బ్రేక్‌అవే తీగ మలుపులకు సరిపడా వదులుగా ఉండాలి, నేలకు రాసుకోకూడదు. రక్షణ గొలుసులు కూడా నేలకు తగలకూడదు, వాటి నిప్పురవ్వలు ఎండుగడ్డిని అంటిస్తాయి.

బయలుదేరాక మొదటి పదిహేను, ఇరవై నిమిషాల్లో సురక్షితమైన చోటు చూసి ఒకసారి ఆగాలి. తరువాత ఆగిన ప్రతిచోటా చక్రాలన్నీ చూడాలి. చక్రాన్ని ముట్టుకోకూడదు. చేతి వెనుకభాగం జానెడు దూరంలో పెడితే చాలు. లేదా దూరం నుంచే వేడి చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు వాడవచ్చు. ఇన్ని డిగ్రీలు ఉండాలి అనే లెక్క కంటె, ఎడమకూ కుడికీ పోల్చి చూడటం మేలు. ఒక్క చక్రం వేరుగా కాలుతున్నదంటే జబ్బు అక్కడే ఉంది. నాలుగూ కాలుతుంటే పెడల్ దగ్గర చూడాలి.

కారు చక్రాలకు గాలి ఒత్తిడినీ వేడినీ చూపే సెన్సారులు తగిలించి, వాటి తెరను డ్రైవరు ముందు పెట్టుకోవచ్చు. వెనుక కారు బ్రేకు పడినప్పుడల్లా వెలిగే దీపం కూడా పెట్టిస్తారు. కాలు తీసినా ఆ దీపం ఆరకపోతే అదే ఎర్రజెండా.

పొగ కనబడితే

ముందు రోడ్డు పక్కకు తీయాలి. అయితే ఎండుగడ్డి మీద ఆపకూడదు, కంకర గాని తారు గాని ఉన్నచోట ఆపాలి. ఇది ఊరికే చెప్పే మాట కాదు. 2018 జులై 23న కాలిఫోర్నియాలో రెడింగ్ ఊరి దగ్గర, లాక్కుపోతున్న ఒక ట్రెయిలరు టైరు పోయి, రిమ్ము రోడ్డుకు రాసుకుని నిప్పురవ్వలు లేచాయి. వాటితో మొదలైనదే కార్ అగ్నిప్రమాదం. 2,29,651 ఎకరాలు తగలబడ్డాయి. వెయ్యికి పైగా ఇళ్ళు పోయాయి. అగ్నిమాపక సిబ్బందితో సహా ఎనిమిదిమంది ప్రాణాలు కోల్పోయారు. ఒక్క చక్రం!

ఆపగానే అందరూ దిగి, గాలి వచ్చే వైపుకు, బండికి దూరంగా పోవాలి. 911కు ఫోను చేయాలి. రోడ్డు పేరు, మైలు నంబరు చెప్పాలి. మంట లేకుండా పొగ మాత్రమే ఉండి, పిన్నులు అందుబాటులో ఉంటే కారును విడదీయవచ్చు. మంట ఉంటే ఆ ప్రయత్నం వద్దు. మంట చిన్నదయితే పొడి మంటలార్పే సిలిండరుతో కొట్టవచ్చు, కాని చక్రానికి ఎదురుగా నిలబడకూడదు, టైరు పేలవచ్చు. మంట ఆరినా దగ్గరకు పోకుండా కాపలా ఉండాలి.

మంట లేకుండా కేవలం వేడెక్కితే, చల్లని నీళ్ళు గుమ్మరించకండి, డిస్కు పగులుతుంది. హ్యాండ్ బ్రేకు కూడా వేయకండి, కాలిన ప్యాడ్లు అక్కడే పట్టేస్తాయి. చక్రాలకు చెక్కముక్కలు అడ్డం పెట్టి, దానంతట చల్లారనివ్వండి. తరువాత మెకానిక్కు చూడకుండా ఆ కారు నడపవద్దు.

మనకు సంబంధించినది ఇంకొకటి. పాస్‌పోర్టులు, బీమా కాగితాలు, రక్తపోటు, చక్కెర మందులు ఒక చిన్న సంచిలో పెట్టి తలుపు దగ్గరే ఉంచుకోండి. ఆ బండిలో రెండో దారి ఎక్కడ ఉందో, అత్యవసర కిటికీ ఎలా తెరుచుకుంటుందో మొదటిరోజే అడిగి తెలుసుకోండి. మోకాళ్ళ నొప్పులున్నవారు తలుపుకు దగ్గరి సీటులో కూర్చోండి. దిగేటప్పుడు వస్తువుల కోసం వెనక్కు వెళ్ళకండి. నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇవ్వాలంటే ముందు మనం ఉండాలి గదా!

చివరి మాట

పదవీ విరమణ చేశాక మన మాటకు విలువ లేదని కొందరు మిత్రులు బాధపడుతుంటారు. పిల్లల ఇంట్లో మనం ఏ పనికీ రామని అనుకుంటారు. నేను ఒప్పుకోను. మన పిల్లలకు కంప్యూటరు తెలుసు, రోడ్డు తెలుసు, ఇంగ్లీషు తెలుసు. కాని నడిచే బండి పక్కన నిలబడి చక్రం చప్పుడు వినడం, వాసన పసిగట్టడం, చేతి వెనుకభాగంతో వేడి చూడటం వాళ్ళకు ఎవరు నేర్పారు? మనం రాత్రులు మేలుకొని నేర్చుకున్న విద్య అది. దాన్ని ప్లాట్‌ఫారం మీదనే వదిలి రానక్కరలేదు.

వాళ్ళు నవ్వినా పరవాలేదు. ఆగిన ప్రతిచోటా దిగండి, చుట్టూ ఒకసారి తిరగండి. మనవణ్ణి చెయ్యి పట్టుకుని కూడా తీసుకువెళ్ళండి, వాడికీ నేర్పండి. రెండు నిమిషాల నడక మన మోకాళ్ళకూ మంచిదే, వాళ్ళ ప్రయాణానికీ మంచిదే.